సోనీ లిస్టన్: కాగితం ఎవరి చేతిలో, కాళ్లలో ఎన్ని రౌండ్లు

కొత్తగా చదివేవాళ్ల కోసం ప్రశ్న మళ్లీ ఒకసారి. తిరుపతిలో సాయంత్రాలు బాక్సింగ్ నేర్పే ఒకాయన దగ్గర 19 ఏళ్ల కుర్రాడున్నాడు. 75 కిలోలు, మంచి ఎడమ చెయ్యి. 17 ఏళ్లప్పుడు ఒక కొట్లాట కేసు, పోయినేడు ఇంకొకటి. రెండోది కోర్టులో వాయిదాల మీద నడుస్తోంది. అమెరికాలో ఒకప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ సోనీ లిస్టన్ ఫైట్లు చూసి "జైలుకు పోయొచ్చినోడు ఎంత పైకి పోయినా ఆఖరికి అంతేనా సార్?" అని అడిగాడట. లిస్టన్ నిజంగా ఎందుకు పడిపోయాడు, ఈ పిల్లోడి విషయంలో ఏం చూసుకోవాలి అని ఆయన సందేహం.

అంతే కాదు సార్. లిస్టన్‌కు బాక్సింగ్ దొరికిందే జైల్లో. అతన్ని పడగొట్టినవి రెండు: కాంట్రాక్టు కాగితం వేరేవాళ్ల చేతిలో ఉండటం, ఛాంపియన్ అయ్యేనాటికి కాళ్లలో రౌండ్లు లేకపోవడం, అంటే ఎక్కువ రౌండ్లు ఆడే అలవాటు తప్పిపోవడం. మొదటిదాని గురించి అందరూ రాస్తారు. రెండోది నేర్పేవాళ్లు పట్టించుకోవాల్సింది, అందుకే దాని మీదే ఎక్కువ చెబుతాను.

మనిషి సంగతి క్లుప్తంగా. ఆర్కాన్సా రాష్ట్రంలో ఒక కౌలుదారు ఇంట్లో పుట్టాడు. పుట్టిన తేదీకి నికరమైన కాగితం లేదు. 1932 అని చెప్పేవాడు, చూసినవాళ్లు ఇంకా పెద్దవాడే అనేవాళ్లు. బడి లేదు, చదవడం రాదు, తండ్రి చేతిలో దెబ్బలు మాత్రం బాగా తిన్నాడు. తల్లి సెయింట్ లూయిస్‌కు పోతే వెనకే పోయి దోపిడీల్లో దిగాడు. 1950లో 5 ఏళ్ల శిక్షతో మిస్సోరీ రాష్ట్ర జైలుకు పోయాడు. అక్కడ ఆటల బాధ్యత చూసే క్యాథలిక్ ఫాదర్ అలోయిస్ స్టీవెన్స్ అతని చేతికి గ్లవ్స్ తొడిగించాడు. బయటి నుంచి ఒక హెవీవెయిట్‌ను పిలిపించి స్పారింగ్ (సాధన కోసం ఆడే ఫైట్) పెడితే, రెండు రౌండ్లకే ఆ వచ్చినాయన చాలు బాబోయ్ అన్నాడు. 1952 అక్టోబర్ ఆఖరున పెరోల్ దొరికింది. 1953 మార్చిలో చికాగోలో గోల్డెన్ గ్లవ్స్ అనే అమెచ్యూర్ పోటీలో ఎడ్ శాండర్స్‌ను ఓడించాడు. శాండర్స్ అంటే ముందటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ స్వర్ణం గెలిచినవాడు. జైలు గేటు దాటి అప్పటికి లిస్టన్‌కు నాలుగు నెలలే.

ఇక ఆ ఎడమ చెయ్యి. ఎత్తు సుమారు ఆరడుగుల ఒక అంగుళం, చేతులు చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు 84 అంగుళాలు. మామూలు మనిషికి చాపు కొలత, ఎత్తు దాదాపు ఒకటే ఉంటాయి. ఇతనికి 11 అంగుళాలు ఎక్కువ. చాలామంది జాబ్‌ను (ముందు చేత్తో తిన్నగా వేసే దెబ్బ) దూరం కొలవడానికి వేస్తారు, ఇతను గోడలో మేకు దిగగొట్టినట్టు వేసేవాడు. ముందు కాలు జానెడు కంటే తక్కువ జరుగుతుంది, పాదం నేలకు ఆనడం, పిడికిలి తగలడం ఒకే క్షణంలో జరుగుతాయి. భుజం పైకి లేచి గడ్డాన్ని కప్పుతుంది. పిడికిలి తిరిగేది చివరి రెండు మూడు అంగుళాల్లోనే.

మన పిలకాయలు దీన్ని చూసి చేయబోతే మూడు తప్పులు చేస్తారు. మోచెయ్యి పక్కకు లేపుతారు, దెబ్బ వస్తోందని అవతలివాడికి ముందే తెలిసిపోతుంది. నడుము వంచి ముందుకు పడతారు, అప్పుడు బరువంతా ముందు కాలి మీదే ఉండిపోతుంది. మూడోది అన్నిటికంటే చెడ్డది: దెబ్బ తగలకపోతే మోచెయ్యి టక్కున లాక్ అవుతుంది. తగిలిన దెబ్బను అవతలివాడి తల ఆపుతుంది. తప్పిన దెబ్బను ఆపాల్సింది మన భుజం, కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్. బ్యాగ్ మీద వెయ్యి జాబ్‌లు వేసినా రాని నొప్పి, గాలిలో వంద బలంగా వేస్తే వచ్చేస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మయామీ ఫైట్ చెప్పేటప్పుడు మళ్లీ వస్తుంది.

1954 సెప్టెంబర్‌లో మార్టీ మార్షల్ చేతిలో దవడ విరిగింది. విరిగిన దవడతోనే 8 రౌండ్లు పూర్తి చేసి స్ప్లిట్ డెసిషన్‌లో, అంటే జడ్జీలందరూ ఒక్క మాట మీద లేని తీర్పులో, ఓడాడు. "లిస్టన్‌కు గుండె లేదు, కష్టమొస్తే స్టూలు మీద కూర్చుండిపోతాడు" అనేవాళ్లుంటే ఈ ఫైట్ గురించి చెప్పండి. తర్వాత అదే మార్షల్‌ను రెండుసార్లు ఓడించాడు.

కాగితం సంగతి. సెయింట్ లూయిస్‌లో అతన్ని చేరదీసినవాళ్లకు అక్కడి ముఠాలతో లావాదేవీలు ఉండేవి. రింగు లేని రోజుల్లో కూలీల గొడవల్లో బెదిరించడానికి లిస్టన్‌ను నిలబెట్టేవాళ్లు. 1956 మేలో ఒక పోలీసుతో గొడవ అయింది. పోలీసు మోకాలు విరిగింది, తుపాకీ లిస్టన్ లాక్కున్నాడు. 9 నెలల శిక్ష పడింది. 1956 మార్చి ఫైట్ తర్వాత మళ్లీ రింగెక్కింది 1958 జనవరిలోనే. అంటే మంచి వయసులో దాదాపు రెండేళ్లు పోయాయి. 1958లో ఫిలడెల్ఫియా చేరాడు. మేనేజర్‌గా కాగితం మీద పెప్ బరోన్ పేరుంది, మన భాషలో బినామీ. అసలు వాటా సగానికి పైగా ముఠా మనిషి ఫ్రాంకీ కార్బోది, అతని వెనక బ్లింకీ పలెర్మో. 1960 డిసెంబర్‌లో బాక్సింగ్‌లో ముఠాల మీద విచారణ జరిపిన సెనేటర్ కెఫావర్ కమిటీ ముందు లిస్టన్ సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. మరుసటి ఏడు కార్బోకు 25 ఏళ్లు, పలెర్మోకు 15 ఏళ్లు శిక్ష పడింది, అదీ వేరే బాక్సర్ విషయంలో. వాళ్లు లోపలికి పోయినా మచ్చ మాత్రం లిస్టన్ మీదే ఉండిపోయింది. 1962లో న్యూయార్క్ లైసెన్సు ఇవ్వలేదు. టైటిల్ ఫైట్ చికాగోకు పోయింది.

శేషాచలంలో ఎర్రచందనం కేసుల పేపర్లు చదివేవాళ్లకు ఇది కొత్తేం కాదు. దొరికేది దుంగ మోసినోడు, పైలట్ బండి తోలినోడు. డబ్బు పెట్టినాయన పేరు చాలా రోజులకు గానీ బయటికి రాదు.

1962 సెప్టెంబర్ 25న ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను 2 నిమిషాల 6 సెకన్లలో పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు. ఫిలడెల్ఫియాలో విమానం దిగితే స్వాగతానికి జనం లేరు. 1963 జులై 22న లాస్ వేగాస్‌లో మళ్లీ ప్యాటర్సన్, ఈసారి 2 నిమిషాల 10 సెకన్లు. ఇక ఇతన్ని ఎవరూ కొట్టలేరని ప్రపంచమంతా అనుకుంది. నిజానికి అతని పతనం మొదలయింది ఇక్కడే.

లెక్క చూడండి. 1960 సెప్టెంబర్‌లో ఎడ్డీ మాకెన్‌తో 12 రౌండ్లు ఆడాడు. అక్కడి నుంచి 1964 ఫిబ్రవరి దాకా 41 నెలలు. ఈ 41 నెలల్లో ఎన్ని ఫైట్లు? నాలుగు. హోవర్డ్ కింగ్ మూడో రౌండ్‌లో, ఆల్బర్ట్ వెస్ట్‌ఫాల్ మొదటి రౌండ్‌లో, ప్యాటర్సన్ రెండుసార్లూ మొదటి రౌండ్‌లోనే పడ్డారు. మొత్తం కలిపితే ఆరు రౌండ్లు, అవి కూడా నిండుగా కాదు. జిమ్‌లో మీరు ఒక మధ్యాహ్నం చేయించే స్పారింగంత కూడా లేదు.

పైగా మాకెన్ ఫైట్ అప్పటికే ఒక సంగతి చెప్పేసింది. తిరుగుతూ, తప్పించుకుంటూ ఉండేవాణ్ణి లిస్టన్ 12 రౌండ్లు వెంటాడి పాయింట్ల మీద గెలవగలిగాడే గానీ పడగొట్టలేకపోయాడు. తిన్నగా ముందుకు నడిచే కాళ్లు అతనివి, పక్కకు కోసుకుపోయి దారి మూసే కాళ్లు కావు. ఎదురు నిలబడినవాడు భయంతో బిగుసుకుపోతే ఆ కాళ్లే చాలు. బిగుసుకుపోనివాడు ఎదురైతే చాలవు.

1964 ఫిబ్రవరి 25, మయామీ బీచ్. ఎదుట క్యాసియస్ క్లే, తర్వాత మహమ్మద్ అలీగా పేరు మార్చుకున్నది ఇతనే. పందేల్లో 7కు 1 లెక్కన లిస్టనే గెలుస్తాడన్నారు. లిస్టన్ రెండు మూడు రౌండ్లలో అయిపోతుందని సిద్ధమై వచ్చాడు. క్లే అతని ఎడమ చేతికి దూరంగా తిరుగుతూ పోయాడు, మొదటి రెండు రౌండ్లలో లిస్టన్ బలంగా వేసిన జాబ్‌లు చాలా మటుకు గాలికి పోయాయి. మూడో రౌండ్‌లో లిస్టన్ ఎడమ కంటి కింద తెగింది. నాలుగో రౌండ్ చివర క్లే కళ్లు మండాయి, గ్లవ్స్ కోసేయమన్నాడు. అతని ట్రైనర్ ఏంజెలో డండీ కళ్లు కడిగి ఐదో రౌండ్‌కు తోసేశాడు. కళ్లు సరిగా కనబడనివాణ్ణి ఆ మూడు నిమిషాల్లో ముగించలేకపోయాడంటే లిస్టన్ కాళ్లలో ఏమీ మిగల్లేదనే అర్థం. ఆరు రౌండ్ల తర్వాత స్టూలు మీది నుంచి లేవలేదు, ఎడమ భుజం పోయిందన్నాడు. డాక్టర్లు చూసి టెండన్ చిరిగిన మాట నిజమేనన్నారు. మ్యాచ్ ఫిక్సయిందని పుకార్లు లేచాయి. రీమ్యాచ్ హక్కులు ముందే కొనేసిన కంపెనీలో లిస్టన్‌కు కూడా వాటా ఉండటం వాటికి ఆజ్యం పోసింది. విచారణలో ఆధారమేదీ తేలలేదు. నా మట్టుకు నాకు భుజం కథ అబద్ధమని అనిపించదు. గాలికి పోయిన బలమైన జాబ్‌లు భుజాన్ని అలాగే చేస్తాయి.

రీమ్యాచ్ 1964 నవంబర్ 16న బోస్టన్‌లో అనుకున్నారు. దీనికి మాత్రం లిస్టన్ ఒళ్లొంచి తయారయ్యాడు. మూడు రోజుల ముందు అలీకి హెర్నియా ఆపరేషన్ పడింది, ఫైట్ ఆరు నెలలు వెనక్కి పోయింది. వయసు పైబడినవాడు ఒకసారి కష్టపడి పదునుకొచ్చాక అదే పదును ఆరు నెలల్లో మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం. కుర్రాడికే టోర్నమెంట్ పదిహేను రోజులు వాయిదా పడితే మొదటి వారం పని తగ్గించి చేయించి, రెండో వారం మళ్లీ పెంచుతాం. అంతకు మించి అదే వేడి మీద నిలబెట్టడానికి ప్రయత్నిస్తే ఒళ్లు విరుగుతుంది.

చివరికి 1965 మే 25న అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో జరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్లు 2,434 మంది. మొదటి రౌండ్‌లోనే లిస్టన్ పడ్డాడు. "కనబడని దెబ్బ" అని పేరు పడిపోయింది. వీడియో నెమ్మదిగా నడిపి చూస్తే కనబడుతుంది: లిస్టన్ జాబ్ వేసి ముందు కాలి మీదికి వాలి ఉన్నాడు, దాని మీది నుంచి అలీ కుడిచెయ్యి పొట్టిగా దిగింది. పైన చెప్పిన రెండో తప్పు ఇదే. దెబ్బ తగిలింది. లేవడానికి మనసొప్పిందా లేదా అన్నది వేరే ప్రశ్న. రెఫరీ జెర్సీ జో వాల్కాట్ అలీని న్యూట్రల్ కార్నర్‌కు (ఇద్దరిలో ఎవరిదీ కాని రింగు మూల) పంపించలేక తికమక పడ్డాడు, లెక్క కుదరలేదు, బయటి నుంచి ఒక పత్రికా సంపాదకుడు పది దాటిందని అరిచాక ఆపాడు. మీ పిల్లోడికి ఇక్కడ నేర్పాల్సింది ఒకటుంది: అవతలివాణ్ణి పడగొట్టగానే వెనక్కి తిరిగి న్యూట్రల్ కార్నర్‌కు పోవాలి. అక్కడికి చేరేదాకా లెక్క సాగదు. కేకలేస్తూ నిలబడితే అవతలివాడికి ఊపిరి తీసుకునే టైం ఇచ్చినట్టే.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. స్వీడన్‌లో నాలుగు ఫైట్లతో మొదలుపెట్టి మళ్లీ 14 వరుసగా గెలిచాడు. 1969 డిసెంబర్‌లో లియోటిస్ మార్టిన్‌ను ఒకసారి పడగొట్టి, ముందంజలో ఉండి కూడా తొమ్మిదో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. 1970 జూన్‌లో చక్ వెప్నర్ మీద గెలుపు ఆఖరిది. 1971 జనవరి 5న లాస్ వేగాస్ ఇంట్లో భార్య జెరాల్డిన్ వచ్చి చూసేసరికి చనిపోయి ఉన్నాడు. సహజ మరణం అన్నారు. హెరాయిన్ ఒంట్లో విరిగితే మిగిలే పదార్థాల జాడలు దొరికాయి. దాని మీద ఊహలు నూరున్నాయి, తేలింది ఒక్కటీ లేదు. 54 ఫైట్లు, 50 గెలుపులు, 4 ఓటములు.

మైక్ టైసన్ కూడా జైలుకు పోయాడు కదా, అతని సంగతేంటి అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి: అదే లెక్క వేసి చూడండి. 1988 జూన్‌లో స్పింక్స్ 91 సెకన్లు, 1989లో బ్రూనో 5 రౌండ్లు, కార్ల్ విలియమ్స్ 93 సెకన్లు. మధ్యలో ట్రైనర్ కెవిన్ రూనీని పంపించేశాడు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో డగ్లస్ టైసన్‌ను పదో రౌండ్‌లో పడగొట్టాడు. జైలు శిక్ష 1992లో. అంటే పతనం ముందు, జైలు తర్వాత.

ఇప్పుడు మీ కుర్రాడు. అమెచ్యూర్ ఫైట్ అంటే మూడు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం. చెయ్యి బలమున్న పిల్లోడితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, జిమ్‌లో ఎవరూ అతనితో రెండో రౌండ్‌కు నిలవరు, వాడికి మూడో రౌండ్ అంటే ఏమిటో తెలీకుండానే పోటీకి పోతాడు. అందుకని ముగ్గురు నలుగురు జతగాళ్లను పెట్టండి. ఇతను రింగులోనే ఉంటాడు, ప్రతి రౌండ్‌కూ కొత్తవాడు దిగుతాడు. 16 ఔన్సుల గ్లవ్స్, సగం బలం. వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు 6 రౌండ్లు. వాటిలో రెండు రౌండ్లు 60 కిలోల చురుకైన పిల్లోడితో: వాడి పని దొరక్కుండా తిరగడం, ఇతని పని ఒంటి మీద తాకడం మాత్రమే, తల మీద వద్దు. కాళ్లతో దారి మూయడం అప్పుడే వస్తుంది. స్పారింగ్‌లో ఎవరికైనా తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయితే స్పృహ తప్పకపోయినా కనీసం 30 రోజులు స్పారింగ్ బంద్, స్పృహ తప్పితే ఇంకా ఎక్కువ, మూడు నెలల్లో రెండుసార్లయితే కనీసం 90 రోజులు. ఇందులో బేరం లేదు.

అలిపిరి మెట్లు 3,550 ఎక్కించేస్తే స్టామినా వచ్చేస్తుందని తిరుపతిలో ఒక నమ్మకం ఉంది. తొడలకు మంచిదే, వారానికి ఒకసారి చాలు. కానీ మెట్లెక్కే ఊపిరి వేరు, దెబ్బ తింటూ తీసుకునే ఊపిరి వేరు. దిగేటప్పుడు పరుగెత్తించొద్దు, మోకాలి చిప్ప కింద నొప్పి పట్టుకుంటుంది. బస్సులో రమ్మనండి.

భుజానికి: షాడో బాక్సింగ్‌లో (ఎదుట ఎవరూ లేకుండా గాలిలో దెబ్బలు వేసే సాధన) జాబ్ ఎప్పుడూ డెబ్బై శాతమే, మోచెయ్యి పూర్తిగా చాచకుండా. రోజూ రబ్బర్ బ్యాండ్‌తో చెయ్యి బయటికి తిప్పే కసరత్తు 15 చొప్పున 3 సార్లు. బొటనవేలు పైకి పెట్టి చెయ్యి ముందుకు లేపితే భుజం ముందు భాగంలో నొప్పి వస్తే ఆ రోజు నుంచే జాబ్ ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించండి. మన ఊళ్లో బర్డ్ ఆసుపత్రి ఉండనే ఉంది. నూనె రాసి ఆడించొద్దు.

కేసులు. 17 ఏళ్లప్పటిది జువెనైల్ బోర్డు దగ్గర తేలిపోయి ఉంటే భయం లేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం దానివల్ల ఏ అనర్హతా అంటదు. 16 దాటాక ఘోరమైన నేరానికి పెద్దవాళ్లలా విచారిస్తే తప్ప. నడుస్తున్న రెండోది వేరు. బెయిల్ ఉత్తర్వు కాపీ ముందేసుకుని చదవండి. వారం వారం స్టేషన్‌లో సంతకం, జిల్లా దాటకూడదు లాంటి షరతులుంటే, టోర్నమెంట్ పిలుపు కాగితం జతచేసి ముందుగానే లాయర్ చేత సడలింపు పిటిషన్ వేయించాలి. రైలెక్కే ముందు రోజు పోతే కుదరదు. పాస్‌పోర్టుకు, కేసు పెండింగ్‌లో ఉంటే కోర్టు అనుమతి ఉత్తర్వు కావాలి. అందులో కాలపరిమితి రాయించుకోండి, రాయకపోతే సాధారణంగా ఏడాదికే ఇస్తారు. మామూలు దెబ్బల కేసయి అవతలివాళ్లు ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆయుధం వాడారని సెక్షన్ ఉంటే అంత తేలిక కాదు, లాయర్ డబ్బుకు కష్టమైతే చిత్తూరు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ఫారం నింపేటప్పుడు కేసు కాలమ్‌లో "లేదు" అని రాయనివ్వొద్దు. కుర్రతనంలో జరిగిన చిన్న గొడవ అయితే అధికారులు చూసీచూడనట్టు పోవచ్చు గానీ, దాచిపెట్టారని తేలితే ఉద్యోగమే పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి వివరంగా చెప్పింది.

ఇక స్పాన్సర్ అనే పెద్దమనిషి వస్తాడు. షూస్, ప్రోటీన్ డబ్బా, ప్రయాణం ఖర్చు ఇస్తాడు. అంతవరకూ మంచిదే. పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ "నా దగ్గర భద్రంగా ఉంటుందిలే" అన్నాడంటే అక్కడే ఆపండి. అమెచ్యూర్ బాక్సర్‌కు మేనేజర్ కాంట్రాక్టుతో పని లేదు. పుట్టిన తేదీ కాగితం, మెడికల్, పోటీల రికార్డు పుస్తకం అన్నీ వాళ్లమ్మ దగ్గర ఉండాలి. ఏదో స్థలం దగ్గర సెటిల్‌మెంట్ ఉంది, నువ్వొచ్చి ఊరికే నిలబడు చాలు, అంటే పోకూడదు. లిస్టన్‌ను కూడా మొదట్లో అలా నిలబడమనే అన్నారు. అక్కడేమైనా జరిగితే ఎఫ్ఐఆర్‌లో మొదట రాసేది బాక్సర్ పేరే, బెయిల్ రద్దయ్యేదీ అతనిదే.

పిల్లోడికి వీడియో చూపించాలంటే ప్యాటర్సన్ ఫైట్లు చూపించొద్దు, అవి చూస్తే ప్రతివాడూ రెండు నిమిషాల్లో అయిపోవాలనుకుంటాడు. మాకెన్ ఫైట్ పెట్టండి. చేతికి పెన్ను, కాగితం ఇచ్చి ఒక్కో రౌండ్‌లో తగిలిన జాబ్‌లు ఒక గీత, తప్పినవి ఒక సున్నా చొప్పున రాయమనండి. తర్వాత మయామీ ఫైట్ పెట్టి అదే లెక్క వేయించండి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వాడినే చూసుకోనివ్వండి.